బేస్ వాయించేవాడు ఎప్పుడూ ఒక్కడే

ఏ పాటల బృందాన్నైనా చూడండి. గిటార్లు ఇద్దరు ముగ్గురు వాయిస్తారు. పాడేవాళ్లకు లెక్కే లేదు. తబలా ఆయన పక్కన డోలక్ ఆయన, ఆయన పక్కన ప్యాడ్స్ కుర్రాడు. పాటకు అడుగు స్వరాలు పలికే నాలుగు తీగల బేస్ గిటార్ మాత్రం ఒకరే. ఇద్దరు వాయిస్తే పాట అడుగున అంతా కలగాపులగం అవుతుంది కాబట్టి అది న్యాయమే. కానీ దాని వల్ల జరిగేది ఎవరికీ పట్టదు. బేస్ వాయించేవాడు తనలాంటి ఇంకొకడి చేతులను దగ్గర నుంచి చూడకుండానే ఏళ్లు గడిపేస్తాడు. గిటార్ కుర్రాళ్లు రిహార్సల్ మధ్యలో ఒకరి దగ్గర ఒకరు ముక్కలు దొంగిలించుకుంటారు. మాకు దొంగతనం చేద్దామన్నా పక్కన ఎవరూ ఉండరు.

అందుకే నెల్లూరు నుంచి ఒంగోలు దాకా బేస్ వాయించే వాళ్లు కొందరు అప్పుడప్పుడు ఒకచోట కలుస్తున్నారని తెలిసి నేనూ వెళ్లి చేరాను. ఆ మాట మా వాళ్లకు చెబితే వచ్చిన మొదటి ప్రశ్న: "నాలుగు తీగల వాయిద్యానికి సంఘం కూడానా?" ఈ పోస్టు ఆ ప్రశ్నకు జవాబు. కాస్త పొడవుగానే ఉంటుంది.

మా రెండు జిల్లాల్లో బేస్ గిటార్ ఎక్కువగా కనబడేది చర్చిలోనే. ఇందులో వింతేమీ లేదు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లోనే నెల్లూరు చేరింది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత ఊరూరా మందిరాలు వెలిశాయి, ప్రతి మందిరానికీ ఒక పాటల బృందం తయారైంది. మొదట హార్మోనియం, తబలా. తర్వాత కీబోర్డు, డ్రమ్స్. వాటి వెనకే బేస్ వచ్చింది. సంగీత పాఠశాల గడప తొక్కని ఎంతోమంది పిల్లలు మా వైపు వాయిద్యం పట్టుకునేది ఆదివారం ఆరాధనలోనే.

వచ్చిన చిక్కల్లా బేస్ ఎవరి చేతికి వస్తుందన్న దగ్గరే. ముగ్గురు కుర్రాళ్లు గిటార్ నేర్చుకుంటారు. బాగా వాయించేవాడు లీడ్, ఫరవాలేదనిపించేవాడు రిథమ్. బారే కార్డు (ఒకే వేలితో తీగలన్నీ అదిమి పలికించే స్వరాల గుత్తి) పట్టలేక చెయ్యి జారిపోయే మూడోవాణ్ణి పిలిచి "తమ్ముడూ, నువ్వు బేస్ పట్టుకో, తేలిక" అంటారు. వాడికి ఆ వాయిద్యం బహుమతిగా కాదు, శిక్షగా అందుతుంది. వాడు ఎప్పటికైనా గిటార్‌కు ప్రమోషన్ వస్తుందేమోనని ఎదురుచూస్తూ వాయిస్తాడు. అలా వాయించినవాడి బేస్ ఎలా ఉంటుందో మీరు వినే ఉంటారు. వినకపోయినా ఆశ్చర్యం లేదు, వాడి యాంప్ (శబ్దం పెంచే పెట్టె) ఎవరో తగ్గించే ఉంటారు.

అసలు ఇది తేలిక గిటార్ కాదు. 1951లో అమెరికాలో గిటార్లు తయారుచేసే లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను బజారులోకి తెచ్చినప్పుడు అది తప్పించాలనుకున్నది మనిషంత ఎత్తున ఉండే డబుల్ బేస్‌ను. మోయలేరు, పెద్ద బృందంలో వినబడదు, మెట్లు (ఫ్రెట్లు) ఉండవు కాబట్టి శ్రుతి జారుతుంది. ఆ పెద్ద వాయిద్యం పనిని భుజానికి తగిలించుకునే రూపంలోకి మార్చాడు ఆయన. రూపం గిటార్‌ది, పని మాత్రం డబుల్ బేస్‌ది. మన గిటార్ మాస్టార్లలో చాలామంది రూపం చూసి పాఠం చెబుతారు.

కావలి నుంచి వచ్చే ఒక కుర్రాడు మణికట్టు నొప్పితో బాధపడుతున్నాడు. మాస్టారు "మెట్టుకొక వేలు" అన్నారట. గిటార్ మీద అది సరైన మాటే. అక్కడ తీగ పొడవు ఇరవై అయిదున్నర అంగుళాలు. బేస్ మీద ముప్పై నాలుగు. మొదటి మెట్టు ఒక్కటే దాదాపు రెండు అంగుళాల వెడల్పు. నాలుగు మెట్ల మీద నాలుగు వేళ్లు పరిచి పట్టుకోమంటే ఆ చెయ్యి ఎన్నాళ్లు ఆగుతుంది? మా వాళ్లలో పెద్దాయన ఒకరు, ఒంగోలు ఆయన, వాడి చెయ్యి పట్టుకుని చూపించారు. కింది మెట్ల దగ్గర చూపుడు వేలు, మధ్య వేలు, తర్వాత ఉంగరం వేలూ చిటికెన వేలూ కలిపి ఒకటి. నాలుగు మెట్ల చోట మూడు మెట్లే పట్టు, మిగతాది చెయ్యి జరుపు. డబుల్ బేస్ వాళ్లు ఎప్పటి నుంచో చేస్తున్నది ఇదే. ఈ ముక్క ఎంత మంచి గిటార్ వాయించేవాడైనా చెప్పలేడు, ఎందుకంటే ఆ అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు.

తీగను ఆపడమూ అంతే. కొత్తవాడు ఏ స్వరం మీటాలో చూసుకుంటాడు, దాన్ని ఎక్కడ ఆపాలో చూసుకోడు. బేస్‌లో సగం పని ఆపడమే. మీటని తీగలు వాటంతట అవే మూలుగుతూ ఉంటాయి. వాటిని కుడి బొటనవేలితో, ఎడమచేతి ఖాళీ వేళ్లతో నొక్కి ఉంచాలి. మీటిన స్వరం డ్రమ్స్‌లో స్నేర్ దెబ్బ దగ్గర ఠక్కున తెగిపోతే పాటకు నడక వస్తుంది. అదే స్వరం సాగదీస్తే పాట నడుము వంగుతుంది. ఇది వీడియోలో చూసి నేర్చుకోవచ్చు కదా అంటారు. నేర్చుకోవచ్చు. కానీ నీ తీగ మోగుతోందని వీడియో నీకు చెప్పదు, పక్కన కూర్చున్న ఇంకో బేస్ ఆయన చెబుతాడు. కొంచెం కటువుగానే చెబుతాడు.

ఇంకో సంగతి ఉంది. దీనికి అమెరికా వీడియోల్లో జవాబు వెతికి అలసిపోయాను. మా మందిరాల్లో పాత కీర్తనలు పాడతారు. పాట మీద రాగం, తాళం రాసి ఉంటాయి. మోహన రాగం అనుకోండి. అందులో మధ్యమం లేదు, నిషాదం లేదు. కీబోర్డు అన్న అలవాటు కొద్దీ మధ్యలో నాలుగో కార్డు పడేస్తాడు. డి శ్రుతిలో పాడుతుంటే అది జి మేజర్. రాగంలో లేని మధ్యమం ఆ కార్డుకు మూలస్వరం. కీబోర్డు మీద అది మిగతా స్వరాల మధ్య దాక్కుంటుంది. బేస్ వాయించేవాడు పుస్తకం ప్రకారం కింద జి మోగిస్తే మాత్రం మందిరమంతా వినబడుతుంది. పాతతరం అమ్మలు ఎందుకో తెలియకుండానే మొహం చిట్లిస్తారు. మరి ఏం చెయ్యాలి? కార్డు మార్చమంటే కీబోర్డు అన్నకు కోపం. మా కలయికలో దీని మీద మధ్యాహ్నమంతా వాదులాడుకున్నాక వచ్చిన పరిష్కారం: ఆ కార్డు కింద బి వాయించు. బి అంటే డి శ్రుతికి ధైవతం, రాగంలో ఉంది. జి మేజర్ కార్డులోనూ ఉంది. కార్డూ చెడదు, రాగమూ చెడదు, అన్నకూ కోపం రాదు. ఇంత చిన్న కిటుకు చెప్పేవాడు లేక ఎన్ని కీర్తనలు నలిగిపోయాయో!

కీబోర్డు వాళ్ల మాట వచ్చింది కాబట్టి: పాడే అమ్మాయి శ్రుతి అరమెట్టు పెంచమంటే ఆయన ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి, అవే మెట్లు వాయిస్తాడు. గిటార్ కుర్రాడు తీగలన్నిటినీ అదిమే క్లిప్పు, క్యాపో, బిగిస్తాడు. బేస్ వాయించేవాడికి ఏ బటనూ లేదు, చెయ్యే జరగాలి. కానీ ఇది కష్టం కాదు, మా భోగం. బేస్ నాలుగు తీగల మధ్య ఒకే దూరం ఉంటుంది, ప్రతి తీగా పక్కదానికి శుద్ధ మధ్యమం దూరంలో. ఒక శ్రుతిలో వేళ్లు నేర్చుకున్న ఆకారాన్ని అలాగే ఎత్తి ఇంకో శ్రుతిలో పెట్టుకోవచ్చు. ఖాళీ తీగల మీద ఆధారపడటం మానేసినవాడికి శ్రుతి మార్చడం ఒక మెట్టు పక్కకు జరగడమే.

ఇక పెళ్లి ఆర్కెస్ట్రాల సంగతి. ఇక్కడ నా కోపం దాచుకోను. ఖర్చు తగ్గించాలనుకున్న రోజు మొదట తెగేది బేస్ గిటార్ పేమెంటు. "కీబోర్డు ఎడమ చేత్తో లాగించేద్దాం" అంటారు. లాగించేస్తారు కూడా. జనం ఫిర్యాదు చేయరు, ఎందుకంటే వేదిక రెండు వైపులా బీరువాలంత స్పీకర్లు నిలబెట్టి గుండెలు అదిరేలా డ్రమ్ము మోత పెడతారు, ఆ మోతనే బేస్ అనుకుంటారు. అది అదురు. మేము వాయించేవి స్వరాలు. పాడేవాడి స్వరానికి కింద నిలబడే స్వరం మారితే పైన ఉన్న అదే స్వరానికి అర్థం మారిపోతుంది. ఆ పని ఎడమ చేత్తో, అదీ కుడి చేత్తో వయొలిన్ ముక్కలు వాయిస్తూ, ఎంతవరకు చేయగలరు? బాగా చేసే కీబోర్డు కళాకారులు లేకపోలేదు, వాళ్లకు నమస్కారం. సగం డబ్బుతో ఇద్దరి పని చేయించుకునే నిర్వాహకులకు మాత్రం కాదు.

వినేవాళ్లను మాత్రం ఏమనను? పాటలన్నీ ఫోనులోనే వింటున్నారు. బేస్ గిటార్ అడుగు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఫోను స్పీకర్ అంత కిందికి దిగలేదు. ఆ స్వరంతో పాటు పుట్టే పై స్వరాలను విని మన మెదడే అడుగు స్వరాన్ని ఊహించుకుంటుంది. అంటే ఫోనులో బేస్ విన్నామనుకునేవాళ్లు చాలావరకు తమ ఊహను విన్నారు. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎనభైల్లో ఇళయరాజా చేసిన పాటలు ఒక్కసారి వినండి. గొంతును వదిలేసి కింద ఏం జరుగుతోందో వెంబడించండి. గాయకుడి మాటలకు కింద నుంచి ఎవరో జవాబు చెబుతుంటారు.

ఆ ఎవరో ఎవరు? నెల్లూరులో బాలసుబ్రహ్మణ్యం గారి పేరు తెలియని గడప లేదు, ఉండకూడదు కూడా. ఆయన పాటల కింద బేస్ వాయించిన వాళ్ల పేర్లు చెప్పమనండి. క్యాసెట్ల మీద అచ్చు వేస్తే కదా తెలిసేది. ఇది మన ఒక్కరి జబ్బు కాదు. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ అరవైల నిండా ప్రపంచాన్ని ఊపేశాడు. మోటౌన్ రికార్డు అట్ట మీద ఆయన పేరు పడటానికి 1971 దాకా ఆగాల్సివచ్చింది. అదీ చాలావరకు ఒకే ఒక్క చూపుడు వేలితో మీటిన మనిషికి! రెహమాన్ వచ్చాక వాయిద్యకారుల పేర్లు వేయడం మొదలైంది కాబట్టి చెన్నై కీత్ పీటర్స్ పేరు మాకు తెలిసింది. ఇప్పుడు ముంబయి అమ్మాయి మోహినీ డే పేరు పిల్లలు కూడా చెబుతున్నారు. మా చర్చిల్లో ఆడపిల్లలను పాడటానికే నిలబెడతారు, బేస్ పట్టుకోనివ్వరు. ఆమె వాయించేది చూపించి అడగండి, ఎందుకు ఇవ్వరో.

కలిసి కూర్చోవడం వల్ల తప్పే ప్రమాదాలూ ఉన్నాయి. షామియానా వేదికల మీద వాయించే వాళ్లందరికీ తెలుసు, మైక్‌కు పెదవి తగిలితే జివ్వుమంటుంది. జనరేటర్‌కు ఎర్త్ సరిగా ఉండదు. బేస్ తీగలు అవి ఆనే బ్రిడ్జి పట్టీ మీదుగా, జాక్ వైరు మీదుగా యాంప్ లోహానికి కలిసి ఉంటాయి. యాంప్‌లో లోపం ఉంటే కరెంటు చేతుల్లో నుంచి పెదవి దాకా దారి వెతుక్కుంటుంది. గుయ్‌మనే రొద పోవాలంటే యాంప్ ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేయమని సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి ఊళ్లో ఉన్నారు. దయచేసి వినకండి. రొద పోతుంది, మనిషి కూడా పోవచ్చు. డీఐ బాక్సు (గిటార్‌ను మిక్సర్‌కు కలిపే పెట్టె) మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వేరు, అది సిగ్నల్ వైరుకు సంబంధించినది. అది వాడుకోండి. వాయించే ముందు తీగలకూ మైక్‌కూ టెస్టర్ తగిలించి చూడండి. వెలిగితే వాయించకండి, పెళ్లివారు ఏమనుకున్నా సరే.

మేమంతా ఒకే మాట మీద ఉంటామని అనుకోకండి. తీగ మీటడానికి మీట (పిక్) వాడాలా, వేళ్లా అని గొడవ. నా ఓటు వేళ్లకే, అయినా లాస్ ఏంజెలిస్‌లో కరోల్ కే మీటతోనే ఎన్నో రికార్డులు నడిపించింది కాబట్టి నోరు మూసుకుంటాను. అయిదు తీగల బేస్ ఆడంబరమని నెల్లూరు వాళ్లలో సగం మంది అంటారు. డి శ్రుతి పాటలో అడుగు షడ్జం కావాలంటే నాలుగు తీగల మీద అది లేనే లేదు, అడుగు తీగ ఈ (E) స్వరం దగ్గరే ఆగిపోతుంది. తీగ వదులు చేసుకోవాలి, లేదా పై స్థాయిలో సరిపెట్టుకోవాలి. అయిదో తీగ ఉన్నవాడు హాయిగా దిగుతాడు. ఇందులో ఆడంబరం ఎక్కడుంది? తీగలు మార్చడం మీద కూడా రెండు పక్షాలు. సముద్రపు గాలికి నెలల్లోనే తుప్పు పడుతున్నాయి, బేస్ సెట్టు ఇక్కడి కొట్లలో దొరకదు, తెప్పించుకోవాలి. పాత తీగలను నీళ్లలో ఉడకబెట్టి తుడిచి మళ్లీ బిగించే పిసినారులం కొందరం. మెరుపు కొన్నాళ్లు తిరిగి వస్తుంది. వంటింటి గిన్నె మాత్రం వాడకండి, ఇంట్లో మాట పడాల్సి వస్తుంది.

ఇప్పటికి కావలిలో కలుస్తున్నాం. నెల్లూరు వాళ్లకూ ఒంగోలు వాళ్లకూ మధ్యలో ఉంది కాబట్టి. ఆదివారం ఆరాధన ముగిసి, భోజనాలయ్యాక. యాంప్‌లు రెండే ఉన్నాయి, వంతులవారీగా వాయించుకోవాలి. జాక్ వైరు ఎవరిది వారే తెచ్చుకోవాలి, అరువు అడిగితే ఇచ్చేవాళ్లు లేరు. ఆడపిల్లలు తప్పకుండా రండి. గిటార్ వాళ్లు కూడా వచ్చి కూర్చోవచ్చు, కానీ ఆ రెండు గంటలూ గిటార్ సంచిలోనే ఉండాలి.