గంటకెన్ని కేజీలు అని అడగడం మానేద్దాం

ఇంట్లో పెల్లెట్ పొయ్యి, అంటే రంపపు పొట్టు లాంటివి ఒత్తి చేసిన గుళికలు కాల్చే పొయ్యి, ఉందని తెలిస్తే చాలు, ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే. "గంటకు ఎంత తింటదండీ?" పొయ్యిలు అమ్మేవాళ్ల దగ్గర దీనికి జవాబు ఎప్పుడూ రెడీ. "కేజీ సార్, మహా అయితే కేజీంబావు." అది అబద్ధమని అనను. కానీ ఆ జవాబు పెట్టుకుని ఏం చేసుకోవాలి? అదే పొయ్యి ఒకటో నంబర్ మీద అరకేజీ తింటుంది, చివరి నంబర్ మీద రెండు కేజీలు లాగేస్తుంది. ఆ గంటలో ఏం ఉడికింది అని మాత్రం ఎవరూ అడగరు.

మా టంగుటూరు, కొండపి వైపు పొగాకు రైతులు బ్యారన్‌కు, అంటే ఆకు ఆరబెట్టే గదికి, గంటకింత కట్టె అని లెక్కేసుకోరు. కేజీ ఆకు ఆరేసరికి ఎన్ని కేజీల కట్టె పోయిందన్నదే వాళ్ల లెక్క. పాత బ్యారన్లలో నాలుగైదు కేజీల దాకా పోతుంది. ఆకు పసుపు రంగు తిరిగేదాకా సన్నమంట, తర్వాత ఆకు ఆరడానికి కాస్త ఎక్కువ, చివర్లో ఈనె ఆరడానికి ఇంకా ఎక్కువ. ఏ పూట ఎంత మంట కావాలో తెలిసినవాడికే కట్టె మిగులుతుంది. అలాంటి జిల్లాలో పుట్టి, వంటింట్లోకి వచ్చేసరికి బండి మైలేజీ అడిగినట్టు అడుగుతాం.

ఒంగోల్లో మా ఇంట్లోనే చిన్న కర్రీ పాయింట్ నడుస్తుంది. వంటంతా మా ఆవిడది, పొయ్యి గొడవంతా నాది. మాది తొట్టిలో పెల్లెట్లు పోస్తే, స్క్రూ తిరుగుతూ వాటిని అవి కాలే చిన్న మంట గిన్నెలోకి తోసే రకం. ముందు రెండు నాబ్‌లు. ఒకటి మేత, అంటే పెల్లెట్ ఎంత పడాలన్నది. రెండోది ఫ్యాన్. పొయ్యి ఇచ్చిపోయిన కుర్రాడు "మూడు మీద పెట్టి వదిలేయండి సార్" అన్నాడు. మూడు అంటే ఏంటి? కేజీలా, డిగ్రీలా? రెండూ కాదు. స్క్రూ ఎన్ని సెకన్లు తిరిగి ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పే నంబర్ అది, అంతే. ఎంత బరువు పడుతుందో దానికి తెలియదు. పొట్టి పెల్లెట్లయితే స్క్రూ చుట్ల మధ్య ఒత్తుగా సర్దుకుని ఎక్కువ పడతాయి. పొడుగువైతే మధ్యలో ఖాళీలు మిగిలి తక్కువ పడతాయి. అదే మూడో నంబర్, బస్తా మారితే వేరే లెక్క.

అందుకే కొత్త లోడ్ వచ్చినప్పుడల్లా నేను చేసే పని ఒకటుంది. పొయ్యి పూర్తిగా చల్లారాక, మంట లేకుండా ఫీడ్ ఒక్కటే ఆన్ చేసి, స్క్రూ నోటి కింద స్టీలు పళ్లెం పెడతాను. పది నిమిషాలు టకటకా పడనిచ్చి, వంటింటి కాటాలో తూచి, ఆరుతో హెచ్చవేస్తే ఆ నంబర్ గంటకు ఎన్ని కేజీలు తోస్తుందో తేలిపోతుంది. నంబర్ల పక్కనే మార్కర్‌తో గ్రాములు రాసి పెట్టాను. చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇక ఎంత పడాలన్నది. దానికి నీళ్ల లెక్క చాలు. పది లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవాలంటే 700 కిలోకేలరీలు కావాలి. మంచి పెల్లెట్ కేజీలో 4,000 దాకా ఉంటాయి. అందులో గిన్నెకు చేరేది 35 శాతం అనుకుంటే 1,400. అంటే మూత పెట్టిన గిన్నెలో పది లీటర్లు మరగడానికి అరకేజీ పెల్లెట్లు. పొయ్యి వేడెక్కడానికి ఇంకొంచెం వేసుకోండి. మీ దగ్గర కేజీ పడుతోందా? అయితే సెట్టింగ్ తేడాగా ఉంది, లేదా పెల్లెట్ బాగాలేదు.

ఆ 35 శాతం నేను కల్పించింది కాదు. ఫ్యాన్ ఉన్న బయోమాస్ పొయ్యికి, అంటే కట్టె, పెల్లెట్ లాంటివి కాల్చే పొయ్యికి, మన దేశపు ప్రమాణం ఐఎస్ 13152 అడిగే కనీసం అది. ఇంటి గ్యాస్ స్టవ్‌కు ఐఎస్ 4246 అడిగేది 68 శాతం. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. "యాభై కేజీల బస్తా అంటే ఒక కమర్షియల్ సిలిండర్ సార్" అని అమ్మేవాళ్లు ధైర్యంగా చెప్తారు. సిలిండర్‌లో 19 కేజీల గ్యాస్, కేజీకి దాదాపు 11,000 కిలోకేలరీలు. ఆ రెండూ హెచ్చవేసి 4,000తో భాగిస్తే నిజంగానే 52 కేజీలు వస్తుంది. వాళ్ల లెక్క అక్కడితో ఆగిపోతుంది. గిన్నెకు చేరే వేడి లెక్కేస్తే వంద కేజీలు. పొయ్యి బాగుండి 45 శాతం ఇచ్చినా 80 కేజీల దగ్గర తేలుతుంది. వంద కేజీలే పట్టుకుందాం. కేజీ 12 రూపాయలైతే 1,200, 15 అయితే 1,500, ఆపైన ఆటో కిరాయి. దాన్ని మీ ఊళ్లో సిలిండర్ రేటు పక్కన పెట్టి చూసుకోండి. చాలాసార్లు లాభమే, నాకూ లాభంగానే ఉంది. కానీ సగానికి సగం అని చెప్పి అమ్మడం ఏం న్యాయం?

మేత పెంచినవాళ్లు ఫ్యాన్ మర్చిపోతారు. కేజీ కట్టె పూర్తిగా కాలడానికి అయిదారు కేజీల గాలి కావాలి. గాలి చాలకపోతే మంట ఎర్రగా, బద్ధకంగా నాలుక చాపినట్టు లేస్తుంది. డేగిసా అడుగు నల్లగా పట్టేస్తుంది, బూడిద ట్రేలో సగం కాలిన నల్ల పెల్లెట్లు దొరుకుతాయి. అవన్నీ మీ డబ్బులే. గాలి మరీ ఎక్కువైతే ఇంకో రకం నష్టం. మంట బుసకొడుతూ గిన్నె పక్కల నుంచి పైకి పోతుంది, వేడంతా వంటింటి కప్పుకే. చూసేవాళ్లకు మాత్రం "అబ్బో, ఏం మంటండీ" అనిపిస్తుంది. కుదురైన మంట పొట్టిగా, లేత పసుపుగా గిన్నె అడుగునే ఉంటుంది.

ఇంకో సంగతి. నాబ్ తిప్పగానే తగ్గిపోవడానికి ఇది గ్యాస్ కాదు. మేత తగ్గించినా అప్పటికే పడిన పెల్లెట్లు కాలిపోయేదాకా మంట తగ్గదు. ఎసరు తెర్లాక తగ్గిద్దాంలే అంటే ఆలస్యమైనట్టే. గిన్నె అంచుల్లో చిన్న బుడగలు కనపడగానే తగ్గించాలి. తెర్లే నీళ్లు 100 డిగ్రీలు దాటవు కదా, ఎంత మంట పెట్టినా ఆవిరే పెరుగుతుంది. మా ఇంట్లో బస్తాలు కలిసొచ్చింది ఎక్కువగా ఈ ఒక్క అలవాటుతోనే. దీన్ని పట్టింది మా ఆవిడే, నా కాటా కాదు.

పెల్లెట్ దేనితో చేశారో అడక్కుండా కొనకండి. సరివి, జామాయిల్ రంపపు పొట్టుతో చేసింది తక్కువ బూడిదతో కాలుతుంది. శనక్కాయ పొట్టుది మధ్యరకం. ఊక కలిపితే బూడిద బాగా పెరుగుతుంది, ఆ బూడిద కరిగి గట్టి పెళ్లలుగా కట్టి గాలి బెజ్జాలు మూసేస్తుంది. అప్పుడు ఏ నంబర్ పెట్టినా ఒకటే. మన దగ్గర అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, పైన సముద్రపు గాలి. తేమ తగిలిన పెల్లెట్ ఉబ్బి పొడైపోతుంది, ఆ పొడి స్క్రూను పట్టేస్తుంది. బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టి, అడుగున మిగిలిన పొడిని జల్లించి తీసేయండి. కొనేముందు రెండు పెల్లెట్లు గ్లాసు నీళ్లలో వేసి చూడండి. గట్టిగా ఒత్తినవైతే మునుగుతాయి, తేలాయంటే బేరం వద్దు.

అమెరికా వీడియోలు చూసి "వాళ్లకు రోజుకో బస్తాయేనంట" అనేవాళ్లకు ఒక మాట. అక్కడి పొయ్యి గది వెచ్చగా ఉంచడానికి, బస్తా 18 కేజీలు. బయట చలి, గోడలు, కిటికీలు ఎంత వేడి లాగేస్తాయో దాన్నిబట్టి రోజంతా సన్నగా కాలుతుంది. వాళ్లకు రోజుకింత అన్న లెక్కే సరైనది. మనకు పనికిరాదు.

చివరగా కరెంటు సంగతి. ఫ్యాన్ ఆగితే స్క్రూ కూడా ఆగుతుంది, కానీ మంట గిన్నెలో ఉన్న పెల్లెట్లు ఆగవు, పొగ మొదలవుతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు. కిటికీ, చిమ్నీ లేని గదిలో ఈ పొయ్యి పెట్టొద్దు. చిన్న బ్యాటరీ ఒకటి తగిలించుకోండి, ఎండాకాలం కోతలకు అదే దిక్కు.