ఎవరికి వారే చాటహూచీ తీరే

అట్లాంటాకు ఉత్తరాన ఉన్న మా నగరం ప్రస్తుతం ఒక ధర్మసంకటంలో ఉంది. ఆపదలో పిలిచే 911 నంబరుకు వచ్చే ఫోన్లను ఇప్పటిలాగే, పోలీసునో అంబులెన్సునో పంపించే మా సొంత డిస్పాచ్ సెంటరు ఎత్తాలా, లేక ఇరుగుపొరుగు నగరాలు కలిసి నడుపుకొనే ఉమ్మడి సెంటరులో మేమూ చేరాలా అన్నది కౌన్సిల్ ముందున్న ప్రశ్న. చేరాలనేవాళ్లందరూ ప్రాణాల గురించే మాట్లాడుతున్నారు. నగర ప్రతిష్ఠను గురించి ఒక్కరైనా నోరు విప్పకపోవడం చూసి, ఏటా ఇంటిపన్ను కడుతున్న మనిషిగా ఆ భారాన్ని నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

చరిత్ర మా పక్షాన ఉంది. అమెరికాలో మొట్టమొదటి 911 కాల్ 1968 ఫిబ్రవరి 16న మా పక్క రాష్ట్రమైన అలబామాలో, హేలీవిల్ అనే చిన్న ఊళ్లో మోగింది. మహా సంస్థ ఏటీ అండ్ టీ ఆ నంబరును ప్రకటించి ఇంకా సన్నాహాల్లో ఉండగానే ఒక చిన్న టెలిఫోను కంపెనీ పోటీకి దిగి ముందే పని కానిచ్చేసింది. రాష్ట్ర శాసనసభ స్పీకరు ఒకచోట కూర్చుని నంబరు తిప్పితే, అదే ఊరి పోలీసు స్టేషనులో కూర్చున్న కాంగ్రెస్ సభ్యుడు ఎర్ర ఫోను ఎత్తి ‘హలో’ అన్నాడు. ఎవరికీ ఆపద లేదు, కాల్ ఊరు దాటలేదు, ఎత్తినవాడికి అవతల ఉన్నది ఎవరో ముందే తెలుసు. 911 అంటే ఇలా ఉండాలి.

తరువాత సెల్‌ఫోన్లు వచ్చి ఈ ఏర్పాటును చెడగొట్టాయి. ఇప్పుడు పదింట ఎనిమిది కాల్స్ వాటి నుంచే వస్తున్నాయి, కాల్ ఏ సెంటరుకు వెళ్లాలో తేల్చే టవరుకేమో నగర సరిహద్దులంటే బొత్తిగా గౌరవం లేదు. మా వీధినే చూడండి. ఎడమవైపు ఇళ్లు మా నగరానివి, కుడివైపువి పక్క నగరానివి. ఏ ఇల్లు ఎవరిదో తెలియాలంటే మంగళవారం పొద్దున బయట పెట్టే చెత్త డబ్బాల మీది ముద్ర చూడాలి. ఎదురింటాయన నిచ్చెన మీద నుంచి పడి ఫోను చేస్తే అది మా సెంటరులో మోగవచ్చు; మావాళ్లు చిరునామా అడిగి, మనవాడు కాదని తేల్చుకుని, పక్క సెంటరుకు కలుపుతారు; ఆయన అక్కడ మళ్లీ నిచ్చెన దగ్గర మొదలుపెడతాడు. దీన్ని ఆలస్యం అనడం అన్యాయం. మన పెళ్లిళ్లలో ఒక్కసారి పిలిస్తే వచ్చే చుట్టం ఎవరు?

ఈ విషయంలో నాకు స్వానుభవం కూడా ఉంది. వాట్సాప్ రాకముందు మా అత్తగారు ఇండియాకు ఫోను చేయబోయి 011కు బదులు 911 నొక్కి, అవతల ఇంగ్లీషు వినగానే భయపడి పెట్టేశారు. అలా పెట్టేయకూడదు, పొరపాటున చేశామని చెప్పాలి. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఇంట్లో సత్యనారాయణ వ్రతం మూడో అధ్యాయంలో ఉండగా పోలీసు గుమ్మంలోకి వచ్చాడు. వరసగా విడిచిన చెప్పులు చూసి తనూ బూట్లు విప్పి, లోపలికొచ్చి అందరూ క్షేమమేనని చూసుకుని, కాగితం ప్లేటులో ప్రసాదం పుచ్చుకుని వెళ్లాడు. వచ్చినవాడు మా నగరం పోలీసే కావడం నాకు నేటికీ గర్వకారణం. పక్క నగరం వాడైతే ప్రసాదం పెట్టేవాళ్లం కామని కాదు, కానీ ఆ తృప్తి వేరు.

స్థానిక పరిజ్ఞానాన్ని కూడా తక్కువ చేయరాదు. మా సెంటరులో ఒక సీనియరు ఉద్యోగిని ఉన్నారు. ‘పాత పెట్రోలు బంకు దగ్గర’ అంటే చాలు, ఆమెకు అర్థమవుతుంది. ఆ బంకు కూలగొట్టి ఇరవై ఏళ్లయింది, అక్కడ ఇప్పుడు దోసెల హోటలుంది, ఫోను చేసేవాళ్లలో సగంమందికి ఆ బంకు సంగతే తెలియదు. ఆమె సెలవు పెట్టిన రోజుల జాబితా ముందుగా ప్రకటిస్తే పౌరులు తమ ప్రమాదాలను సర్దుకోవచ్చు.

ఉమ్మడి వాదులు 2009లో శాండీ స్ప్రింగ్స్, జాన్స్ క్రీక్ నగరాలు కలిసి మొదలుపెట్టిన ఉమ్మడి 911 సెంటరు చాట్‌కామ్‌ను చూపిస్తారు. దాని పేరు చాటహూచీ నది మీదుగా వచ్చింది. మేము డన్‌వుడీని చూపిస్తాం. ఆ నగరం 2011లో చాట్‌కామ్‌లో చేరింది, కానీ అగ్నిమాపక దళం, అంబులెన్సు డెకాబ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) చేతిలోనే ఉండిపోయాయి గనుక, ఇల్లంటుకుంటే కబురు మళ్లీ కౌంటీకి వెళ్లవలసిందే. నిజానికి ఇది సగమే కలిస్తే వచ్చే చిక్కు, అసలు కలవకూడదనడానికి సాక్ష్యం కాదు. అయినా కౌన్సిల్లో మా వక్త దీన్ని వజ్రాయుధంలా వాడాడు. ఆ తరువాత గంటసేపు ఉమ్మడి బోర్డులో మాకు ఎన్ని కుర్చీలిస్తారన్న దాని మీదే చర్చ సాగింది. ఫోను ఎత్తడానికి రాత్రిపూట ఎన్ని కుర్చీలుంటాయని ఎవరూ అడగలేదు.

మా ప్రాంతంలోనే 2014 డిసెంబరు 31 తెల్లవారుజామున పేపర్లు వేసే ఒక యువతి కారు చెరువులోకి దిగిపోయింది. ఆమె 911కు ఫోను చేసి రోడ్డు పేరు చెప్పింది, జిప్ కోడ్ కూడా చెప్పింది. టవరు ఆ కాల్‌ను పక్క ప్రాంతపు సెంటరుకు పంపింది. అక్కడి పటంలో ఆ రోడ్డు లేదు, ఎందుకంటే అది వేరే కౌంటీది. ఆమెను బయటికి తీసేసరికి దాదాపు ఇరవై నిమిషాలు పట్టింది. కొద్ది రోజుల తరువాత ఆమె ఆసుపత్రిలో చనిపోయింది. సరిహద్దుల లెక్క ప్రకారం ఆ పటంలో ఏ తప్పూ లేదు.

2024 జనవరిలో దేశంలో ఫోను కంపెనీల మీద అజమాయిషీ చేసే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, కాల్‌ను టవరును బట్టి కాక ఫోను ఉన్న చోటును బట్టి పంపాలని సెల్ కంపెనీలను ఆదేశించింది. దానితో సమస్య తీరిపోయినట్లేనని మా వక్త ప్రకటించాడు. మా వీధికి మాత్రం ఇప్పటికీ రెండు వైపులున్నాయి.

తీర్మానాన్ని పరిశీలనకై ఒక ఉపసంఘానికి అప్పగించారు. దాని నివేదిక వచ్చేవరకు మా వీధి ఎడమవైపు నివాసులకు నా మనవి ఒక్కటే: గుండెలో నొప్పిగా అనిపిస్తే దయచేసి రోడ్డు దాటకండి.