జ్ఞాపకాలను రద్దు చేయాలి

దాంపత్య శాంతికి అన్నిటికన్నా పెద్ద శత్రువు జ్ఞాపకశక్తి అని నేను చాలాకాలంగా మొత్తుకుంటున్నాను. ఎవరూ చెవిన పెట్టలేదు. బెంగళూరులోని మన తెలుగు దంపతుల విహారయాత్రలను కొంతకాలం శ్రద్ధగా గమనించాక, ఇక ఉపేక్షించడం సమాజానికి మంచిది కాదని తోచి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నంది కొండ సంగతే తీసుకోండి. నగరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరం, 1,478 మీటర్ల ఎత్తు. మారతహళ్ళిలో కాపురముంటున్న జంట సూర్యోదయం చూద్దామని శనివారం తెల్లవారుజామున మూడున్నరకు లేస్తారు. అక్కడికి చేరేసరికి కొండ కింద కార్ల బారు. పెట్రోలు రాత్రే పోయించి ఉంటే ఈపాటికి పైన ఉండేవాళ్ళమని ఆవిడ. మూడు చీరలు మార్చకుండా ఉంటే సూర్యుడికన్నా ముందే ఉండేవాళ్ళమని ఆయన. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు మలుపులన్నీ మౌనవ్రతంలో సాగిపోతాయి. పైన ఎటు చూసినా మంచు. సూర్యుడు ఉదయించే ఉంటాడు, ఆ విషయంలో సందేహం లేదు, కానీ మేఘాల అవతల. ఇదీ జ్ఞాపకం చెప్పే కథ.

ఫోటో చెప్పేది వేరు. మబ్బుల సముద్రం ముందు ఆవిడ చేతులు చాచి, కళ్ళు అరమూసి నిలబడి ఉంది. కింద ఒకే ఒక్క మాట: 'ప్రశాంతత'.

ఏది నిజం? ఫోటోయే నిజం. దానికి తేదీ ఉంది, సమయం ఉంది, ఎక్కడ తీశారో కూడా ఫోను రాసిపెట్టుకుంది. జ్ఞాపకానికి ఉన్నది ఇద్దరు సాక్షులు, ఇద్దరివీ రెండు రకాల వాంగ్మూలాలు. అలాంటి కేసును ఏ న్యాయమూర్తీ స్వీకరించడు.

ఇది చరిత్రను వక్రీకరించడం కాదా అని అడిగే మేధావులు కొందరుంటారు. వాళ్ళను హంపి పంపాలి. విఠలాలయం ముందున్న రాతిరథానికి ఇప్పుడు రెండు ఏనుగులు పూన్చి ఉన్నాయి. మొదట అక్కడ గుర్రాలుండేవట. ఏనుగుల వెనక్కి వెళ్ళి చూస్తే గుర్రాల కాళ్ళు, తోకల ఆనవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. గుర్రాలు ఏమయ్యాయని ఏ పర్యాటకుడైనా నిలదీశాడా? ఏనుగులు బాగున్నాయి, ఫోటోకు చక్కగా కుదిరాయి, సరిపోయింది. విజయనగర రథానికి చెల్లిన న్యాయం మారతహళ్ళి దంపతులకు మాత్రం ఎందుకు చెల్లదు?

ఆ రథాన్ని రిజర్వు బ్యాంకు 2017లో యాభై రూపాయల నోటు మీద అచ్చువేసింది. అప్పటినుంచి అక్కడ ఒక కొత్త పూజావిధానం వెలిసింది. భర్త నోటును రెండు వేళ్ళతో పట్టుకుని చేయి చాచి నిలబడతాడు. భార్య ఒక మోకాలు నేలకు ఆనించి, ఒక కన్ను మూసి, కాగితం మీది రథం రాతిరథం పక్కన కుదిరేదాకా ఆయన్ను జరుపుతూ ఉంటుంది. "ఎడమకు. నీ ఎడమ కాదు, నా ఎడమ. ఇప్పుడు నోటు వంగింది." గాలి వీస్తుంది, నోటు ముడుచుకుంటుంది, మళ్ళీ మొదటి నుంచి. వెనక ఇంకో నాలుగు జంటలు నాలుగు నోట్లతో సిద్ధంగా ఉంటాయి. నోటు తెచ్చుకోని దూరదృష్టిహీనులు బయటి కొబ్బరిబోండాల అతని దగ్గర చిరగని యాభై కోసం బతిమాలతారు. అతను బోండాం తాగితేనే ఇస్తానంటాడు. న్యాయమే. ఇంత కష్టపడ్డ భక్తులు రథం వైపు చూడలేదని అనడం అన్యాయం. నోటుతో పోల్చి సరిగ్గానే ఉందని నిర్ధారించుకున్నారు కదా.

పూర్వం ఈ సౌకర్యం లేదు. రీలుకు 36 ఫోటోలు, ఊటీ మొత్తానికి ఒక్క రీలు. స్టూడియోలో కడిగించి తెచ్చాక గానీ ఎవరు ఏ మొహం పెట్టారో తెలిసేది కాదు. అలిగిన మొహం అలిగినట్టే ఆల్బములో అతుక్కుని, ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఒకసారి దర్శనమిచ్చేది. ఇప్పుడు అలకను వేలితో తాకితే చాలు, మాయం. దేశం పురోగమించలేదని ఎవరంటారు?

ఇక ఫోటోలు కుటుంబ గ్రూపులోకి చేరతాయి. అక్కడ తీర్పులు వేగంగా వెలువడతాయి. "పిల్ల చిక్కిపోయింది" అని అమ్మ. "మెడలో నల్లపూసలు కనబడవేమ్మా" అని అత్తగారు. వెనక ఉన్న గుడి ఏదని అడిగినవారు నాకు తెలిసి ఇంతవరకూ లేరు. చివరగా తెనాలి నుంచి పిన్ని: "అన్నింటిలోనూ ఒక్కదానివే ఉన్నావు. అల్లుడుగారు రాలేదా?"

నా ప్రణాళికకు ఉన్న ఏకైక ప్రమాదం సరిగ్గా ఆ అల్లుడుగారే. ఫోటోలో నిలబడ్డవారికి ఫోటో మిగులుతుంది, జ్ఞాపకం పోతుంది. తీసినవారికి మాత్రం చట్రం బయట ఉన్నదంతా గుర్తుంటుంది: పక్కన విడిచిన చెప్పులు, తన భుజానికే వేలాడిన హ్యాండ్‌బ్యాగు, ఈలవేసి గట్టు దిగమన్న కాపలాదారు. దారిన పోయేవారిని తీసిపెట్టమని అడిగి చూశారు. వారు ఇద్దరినీ చక్కగా తీసి గోపురాన్ని నడుముకు తెగ్గొట్టారు.

అందుకే ఆయన బేలూరు వెళ్ళినప్పుడు ఒక న్యాయమైన కోరిక వెలిబుచ్చాడు. 1117లో విష్ణువర్ధనుడు కట్టించిన ఆ చెన్నకేశవాలయంలో శిల్పులు కొందరు తాము చెక్కిన బొమ్మల కింద పేర్లు చెక్కుకున్నారు. బళ్ళిగావె దాసోజ, అతని కొడుకు చావణ అలాగే మనకు మిగిలారు. తొమ్మిది వందల ఏళ్ళనాటి రాతిపనివారికి దక్కిన పాటి గౌరవం తనకూ దక్కాలని, ప్రతి ఫోటో కింద కుడిమూలన చిన్న అక్షరాలతో తన పేరుండాలని అడిగాడు. చర్చలు సానుకూలంగా జరిగాయని తెలిసింది. సంతకానికి ఆవిడకు ఏమాత్రం అభ్యంతరం లేదట. ప్రొఫైల్ బొమ్మను గుండ్రంగా కత్తిరిస్తారు కాబట్టి మూలలు మాత్రం రావట.