ట్రయల్ బ్యాలెన్స్ కుదిరింది, లెక్క తప్పింది

ఒడిశాలోని పర్లాకిమిడిలో రంగుల దుకాణం నడిపే వ్యాపారి సరుకు అదే రాష్ట్రంలోని బరంపురంలో కొనవచ్చు, సరిహద్దు దాటి ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలోనూ కొనవచ్చు. రెండోదే దగ్గర. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య గీత పడింది. జీఎస్టీ అమలైన 2017 జులై 1 నుంచి ఆ గీత బిల్లు మీదా కనిపిస్తోంది: పాతపట్నం బిల్లులో ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకంపై పన్ను), బరంపురం బిల్లులో సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా). దుకాణంలో గుమాస్తాకు ఇది కొట్టినపిండి. ఇదే ఊళ్లో బీకాం అకౌంటింగ్ చదివే పిల్లవాడు మాత్రం అలాంటి బిల్లు ఒక్కటీ చూడకుండానే పట్టా పుచ్చుకుంటున్నాడు. అతని అసైన్‌మెంటు ‘ఈ కింది ట్రయల్ బ్యాలెన్స్ నుంచి ముగింపు లెక్కలు తయారు చేయండి’ అనే వాక్యంతో మొదలవుతుంది. ట్రయల్ బ్యాలెన్స్ అంటే ఖాతాల డెబిట్, క్రెడిట్ నిల్వలు సరిపోయాయో లేదో చూసే పట్టిక. అప్పటికే సగం పని ఎవరో చేసి పెట్టారన్నమాట. తప్పులు పుట్టేది ఆ సగంలోనే.

ఒక లెక్క చూద్దాం. పాతపట్నంలో 40,000 రూపాయల రంగులు కొన్నారు. 18 శాతం చొప్పున ఐజీఎస్టీ 7,200. అదే సరుకు పర్లాకిమిడిలో 50,000కు అమ్మారు; సీజీఎస్టీ 4,500, ఎస్‌జీఎస్టీ 4,500. చేతిలో ఉన్న ఐజీఎస్టీ జమలో (కొన్నప్పుడు కట్టిన పన్నులో) 4,500 సీజీఎస్టీకి, మిగిలిన 2,700 ఎస్‌జీఎస్టీకి సర్దితే ప్రభుత్వానికి కట్టాల్సింది 1,800, అదీ ఎస్‌జీఎస్టీ పద్దు కింద. బరంపురంలో కొని ఉంటే జమ 3,600 చొప్పున రెండుగా వచ్చేది. కట్టాల్సింది 900 చొప్పున రెండు పద్దుల్లో. మొత్తం అదే 1,800, చలానా మాత్రం వేరు. సీజీఎస్టీ జమను ఎస్‌జీఎస్టీ బాకీకి వాడనివ్వరు కాబట్టి పద్దు తప్పితే చేతిలో జమ ఉండీ రొక్కం కట్టాల్సి వస్తుంది.

ఇప్పుడు విద్యార్థి పన్ను విడదీయకుండా కొనుగోళ్లు 47,200, అమ్మకాలు 59,000 అని రాశాడనుకోండి. డెబిట్, క్రెడిట్ చక్కగా సరిపోతాయి. స్థూల లాభం మాత్రం 10,000 బదులు 11,800 అవుతుంది. అదనంగా తేలిన 1,800 లాభం కాదు, సర్కారుకు కట్టాల్సిన పన్నే. పూర్తిగా రాయడం మరిచిన బిల్లునూ, వేరే పార్టీ ఖాతాకు ఎక్కించిన మొత్తాన్నీ ట్రయల్ బ్యాలెన్స్ పట్టుకోలేదు. అది కుదరగానే పది మార్కులు వేసే పద్ధతి ఈ తప్పులన్నిటికీ గొడుగు పడుతోంది.

కుదరని చోట వెతకడమైనా నేర్పుతున్నారా అంటే అదీ తక్కువే. తేడాను తొమ్మిది నిశ్శేషంగా భాగిస్తే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. 5,400ను 4,500గా రాస్తే తేడా 900. తేడాలో సగానికి సమానమైన మొత్తం పుస్తకంలో ఎక్కడైనా ఉంటే అది అవతలి వైపు పడి ఉండవచ్చు. ఇవి చూడకుండానే తేడాను అనామతు (సస్పెన్స్) ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం అలవాటైపోయింది.

టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేయిస్తున్నాం కదా అనే కళాశాలలున్నాయి. పార్టీ లెడ్జర్‌లో రాష్ట్రం ఒడిశాగానే వదిలేస్తే పాతపట్నం బిల్లుకూ సాఫ్ట్‌వేర్ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేస్తుంది. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు చూస్తే చాలు: ఒడిశా 21, ఆంధ్రప్రదేశ్ 37. నెలవారీ రిటర్నుల్లో అమ్మకందారు 11వ తేదీకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరం) వేస్తాడు, 14న మనకు 2బి (మనకు రావలసిన జమల పట్టిక) వస్తుంది, 20లోపు 3బి (పన్ను కట్టే రిటర్ను) వేయాలి. మధ్యలో దొరికే ఆ ఆరు రోజుల్లో పుస్తకాన్ని 2బితో పోల్చడమే అసలు ఉద్యోగం. సరుకు రవాణాకు కావలసిన ఈ-వే బిల్లుకు 50,000 పరిమితి పన్నుతో కలిపి లెక్క: 43,000 సరుకుకు 18 శాతం కలిస్తే 50,740. ఈ-వే బిల్లు లేకుండా బయలుదేరిన బండి దారిలో ఆగిపోతుంది.

ఇక్కడి తెలుగు పిల్లలకు భాష చిక్కొకటి అదనం. బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లిషు, ఇంటి దుకాణంలో చిట్టా తెలుగు. తాతగారి చిట్టాలో రొక్కం వస్తే ‘జమ’. కళాశాలలో అదే రొక్కం క్యాష్ ఖాతాకు డెబిట్. తాతగారిది తప్పు కాదు, ఆయన రాసింది ఇచ్చినవాడి పేర. బ్యాంకు పాస్‌బుక్‌లో మన డిపాజిట్ క్రెడిట్‌గా కనిపించేదీ అందుకే. ఈ రెండు మాటలు తరగతిలో చెబితే మన పుస్తకాన్ని బ్యాంకు లెక్కతో సరిచూసే సమన్వయ పట్టిక దగ్గర తడబాటు చాలావరకు తీరుతుంది. చెప్పేవారు తక్కువ.

మేము కోరేది పెద్ద ఖర్చేమీ కాదు. పేర్లు, జీఎస్టీ నంబర్లలో మొదటి రెండంకెలు తప్ప మిగతావి కొట్టేసిన నలభై బిల్లుల జిరాక్సులు, ఒక నెల బ్యాంకు స్టేట్‌మెంటు చాలు. నలభైలో పన్నెండైనా సరిహద్దు దాటినవి ఉండాలి; రెండు తిరుగు సరుకువి, ఒకటి సగం చిరిగినది. మొదటి వారం చిట్టా, రెండో వారం ఆవర్జా (లెడ్జర్), మూడో వారం బ్యాంకుతో సమన్వయం, నాలుగో వారం 3బి నమూనా. ప్రారంభ రొక్కానికీ, మూలధనానికీ ప్రతి విద్యార్థీ తన రోల్ నంబరు కలుపుకోవాలి. అప్పుడు ఏ ఇద్దరి నిల్వా ఒకటి కాదు, పక్కవాడి పుస్తకం చూసి దించినవాడు మొదటి పేజీలోనే దొరుకుతాడు. ఇరవై మార్కుల్లో ఎనిమిదైనా విద్యార్థి తానే పట్టుకుని, కారణం రాసి, సవరణ పద్దు వేసిన తప్పులకు ఇవ్వాలి. ఒక్క తప్పూ లేదని రాసి ఇచ్చిన పుస్తకాన్ని అధ్యాపకులు ముందుగా తెరిచి చూడాలి.