కోలారు దిబ్బల్లో బంగారం ఒక్కటే లేదు

కోలారు గనుల పట్టణంలో వేసవి గాలి లేచిందంటే తీగ మీద ఆరేసిన బట్టలు బూడిద రంగుకు తిరుగుతాయి. నీళ్ల బిందె మీద మూత తీయాలంటే భయం. ఆ దుమ్మంతా సయనైడ్ దిబ్బలని జనం పిలిచే 13 గుట్టలది. తరతరాలుగా రాయిని పిండిలా నూరి, సయనైడ్‌తో బంగారం లాగేసి, మిగిలిన పొడిని ఊరి పక్కనే పోశారు. అదంతా కలిపి సుమారు 3.3 కోట్ల టన్నులు. 2001 ఫిబ్రవరి 28న ఈ గనులను నడిపిన కేంద్ర ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. జీతాలు ఆగాయి గానీ దుమ్ము ఆగలేదు.

మిగిలిన బంగారం కోసం ఈ దిబ్బలను మళ్లీ శుద్ధి చేయాలన్న కేంద్రం ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. దాన్ని మేం స్వాగతిస్తున్నాం. టన్నుకు గ్రాము బంగారం కూడా లేని పొడి ఇప్పుడు గిట్టుబాటవుతుందంటే కారణముంది. మూడు కిలోమీటర్ల లోతుకు దిగక్కర్లేదు, రాయి పగలగొట్టక్కర్లేదు. ఎక్కువ ఖర్చయ్యే నూరుడు పని మన తాతల కాలంలోనే అయిపోయింది.

అయితే బంగారం తీసుకుని చేతులు దులుపుకుంటే కుదరదు. కోలారు రాతిలో షీలైట్ ఉంది. టంగ్‌స్టన్ ఇచ్చే ప్రధాన ఖనిజాల్లో అదొకటి. రాయిని తొలిచే బిట్లకూ, ఆయుధాలకూ కావాల్సిన ఈ లోహం మనకు దాదాపు అంతా బయటి నుంచే వస్తోంది. 2025 ఫిబ్రవరిలో చైనా దాని ఎగుమతులపై ఆంక్షలు పెట్టింది. అంతకు కొద్ది రోజుల ముందే కేంద్రం రూ.16,300 కోట్లతో కీలక ఖనిజాల మిషన్‌ను ఆమోదించి, గని వ్యర్థాలనూ అందులో చేర్చింది. ఇక జాప్యమెందుకు? ఒక్కో దిబ్బలో టంగ్‌స్టన్ ఎంతుందో పరీక్షించి, ఆ లెక్క బయటపెట్టాకే టెండరు పిలవాలి.

దిబ్బను కదిపితే దుమ్ము రెట్టింపవుతుంది. అందుకే నీళ్లు చల్లడం, కొత్త వ్యర్థం భూమిలోకి ఇంకకుండా అడుగున పొర వేయడం ఒప్పందంలో రాయాలి. గనుల సంస్థలు కట్టే జిల్లా ఖనిజ నిధి సొమ్ము ముందుగా దిబ్బల నీడలోని కార్మికవాడలకు చేరాలి. ఊపిరితిత్తుల్లో రాతిపొడి నింపుకున్న పాత కార్మికులకు వైద్యం, వాళ్ల పిల్లలకు ఆ పనుల్లో ఉద్యోగం, ఈ రెండూ దయ కింద లెక్క కాదు, బాకీ.

చిత్తూరు జిల్లా చిగురుగుంట, బిసానత్తం, శ్రీసత్యసాయి జిల్లా రామగిరి గనులు కూడా భారత్ గోల్డ్ మైన్స్ నడిపి వదిలేసినవే. అక్కడి వ్యర్థాలను పరీక్షించే పనిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోలారు టెండరు తేలేదాకా ఆపకుండా, ఈ ఏడాదే చేపట్టాలి.