బరువు తక్కువ పిల్లలున్న అంగన్‌వాడీ చెడ్డదా?

కొద్ది రోజులుగా మా మండలం గ్రూపులన్నిటిలో ఒక మెసేజ్ తిరుగుతోంది. ‘మన మండలంలో టాప్ అంగన్‌వాడీలు, వేస్ట్ అంగన్‌వాడీలు’ అని దాని పేరు. భవనం, ఇంగ్లిష్ రైమ్స్, పిల్లల సంఖ్య, టీచర్ ఫోన్ వాడకం, బరువు తక్కువ పిల్లలు అని ఐదు కాలమ్స్ పెట్టి మార్కులు వేశారు. చివర్లో టైమింగ్స్ మీద ఒక ఫిర్యాదు కూడా ఉంది. నాతో బళ్లో పనిచేసేవాళ్లు సైతం ‘అందరూ చదవాలి’ అంటూ దీన్ని పంపుతున్నారు. మాది పాడేరు ఏజెన్సీ. ఇక్కడి కేంద్రాలకు ఈ కొలతలేమిటో చూస్తే ఒళ్లు మండింది.

భవనం సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. కట్టించాల్సింది ప్రభుత్వం, మార్కులు పోయింది టీచరుకి. అంతే.

టీచర్లు ఎప్పుడు చూసినా ఫోన్‌లోనే ఉంటారట. పోషణ్ ట్రాకర్ అనే సర్కారు యాప్‌లో హాజరు, ఎత్తు, బరువు ఎక్కించమన్నది ఎవరు? ఇంటికిచ్చే రేషన్‌కి తల్లి ముఖం ఫొటో తీసి సరిపోల్చమన్నది ఎవరు? సిగ్నల్ దొరకని ఊళ్లో ఆవిడ సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని గట్టు మీదికి ఎక్కితే, డ్యూటీ ఎగ్గొట్టిందని ఇంకో మార్కు కోశారు.

ఇక రైమ్స్. మా కొండ ఊళ్లలో మూడేళ్ల పిల్ల ఇంట్లో మాట్లాడేది కువి, లేకపోతే ఆదివాసీ ఒడియా. తెలుగే ఆ పిల్లకి కేంద్రంలో కొత్తగా చెవిన పడుతుంది. పిల్లలు వాళ్ల భాషలో మొదలుపెడితేనే నిలబడతారని ఉమ్మడి రాష్ట్రంలో 2004లోనే ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బడుల్లో చదువు మొదలుపెట్టారు. ఒకటో తరగతికి వచ్చే పిల్లల్ని ఏటా చూస్తున్నాను. టీచరు కువిలో కథ చెప్పిన కేంద్రం నుంచి వచ్చినవాళ్లు నోరు విప్పుతారు. అర్థం తెలియని రైమ్ ఒప్పజెప్పినవాళ్లు నీళ్లు కావాలని అడగడానికి కూడా బెదురుతారు. మెసేజ్‌లో వీళ్ల కేంద్రాలే టాప్!

పిల్లలు తక్కువున్న కేంద్రాలు మూసి పెద్దవాటిలో కలిపేయాలట. గిరిజన ప్రాంతాల్లో 150 నుంచి 300 జనాభా ఉంటే మినీ అంగన్‌వాడీ పెట్టాలన్నది నిబంధన. అలాంటి ఊళ్లో పన్నెండు మంది పిల్లలే ఉంటే అది తప్పెలా అవుతుంది? ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని ఊరు అడిగితే, మూడు నెలల్లో ఇవ్వాలని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు కేంద్రాలు పెంచమంది, మీరు ఉన్నవి మూయమంటున్నారు. వాగు దాటి మూడేళ్ల పిల్లని ఎత్తుకొచ్చేది ఎవరు, ఈ మెసేజ్ రాసినాయనా?

ఇవన్నీ పోనీ అనుకోవచ్చు. బరువుల కాలమ్‌ని మాత్రం వదలను. బరువు తక్కువ పిల్లలు ఎక్కువ కనిపించిన కేంద్రాన్ని అట్టడుగున పెట్టి, ‘ఇక్కడ టీచర్ పనిచేయడం లేదు’ అని రాశారు. పుట్టినప్పుడే రెండున్నర కిలోలు లేని బిడ్డ, రక్తం లేని తల్లి, ఏడాది తిరక్కుండా వచ్చిన మరో కాన్పు, వదలని మలేరియా. ఆ పిల్ల కేంద్రం గడప తొక్కే నాటికే ఇవన్నీ జరిగిపోయాయి. టీచరు చేసిందల్లా కాటా సరిచేసి తూచి, ఉన్నది ఉన్నట్టు రాయడం. పక్క ఊరి కేంద్రంలో తూచకుండానే పోయిన నెల అంకెకి పావు కిలో కలిపి రాస్తే, అక్కడ ఒక్క పిల్లా బరువు తక్కువ లేనట్టు కనిపిస్తుంది. ఈ లెక్కన కాటా అటకెక్కించిన కేంద్రానికి నూటికి నూరు ఇవ్వాలి.

ఊరంతా వేస్ట్ అన్నాక, నిజం రాసిన టీచరు వచ్చే నెల ఏం చేస్తుంది? 9.2 కిలోల పిల్లకి 10 అని రాస్తుంది. 2013 ఆహార భద్రత చట్టం మామూలు పిల్లలకి రోజుకి 500 కేలరీలు, పోషకాహార లోపం ఉన్నవాళ్లకి 800 కేలరీలు ఇవ్వాలంది. 10 అని రాయగానే ఆ అదనపు తిండి ఆగిపోతుంది. దండచెయ్యి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తగ్గితే తీవ్ర పోషకాహార లోపమని గుర్తు; అది చూడాలని ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంకి తోచదు. తల్లితో సహా ఎన్‌ఆర్‌సీలో, అంటే ఆసుపత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రంలో, చేర్చాల్సిన బిడ్డ ఇంట్లోనే ఉండిపోతుంది. ఆ స్థితిలో విరేచనాలు పట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఒక ఫార్వర్డ్ మెసేజ్ ఇంత పని చేయగలదు, అర్థమవుతోందా?

పోల్చాలనే ఉంటే పోల్చండి. పోయిన నెల గ్రోత్ చార్టులో పసుపులో, అంటే ఓ మోస్తరు బరువు తక్కువలో, ఉన్న పిల్ల ఈ నెల ఎక్కడుందో అడగండి. బరువు పెరగకపోతే టీచరు ఇంటికి వెళ్లిందా, గుడ్డు ఆ పిల్లే తిందా, ఇంట్లో పంచుకున్నారా అని అడగండి. ఒక్క నెల అంకెతో ఇవేవీ తెలియవు.

టైమింగ్స్ ఫిర్యాదు మాత్రం నిజం. కొన్ని కేంద్రాలు తొమ్మిదికి తెరవడం లేదు. భోజనం పెట్టగానే తాళం వేస్తున్నారు. టీచరు మండల కేంద్రంలో కాపురం ఉంటే రోజంతా ఆయా ఒక్కతే నెట్టుకొస్తోంది. తక్కువ జీతమని, యాప్ పని అని దీన్ని నేను వెనకేసుకురాను. పని ఎగ్గొట్టినవాళ్ల వల్లే నిజంగా పనిచేసేవాళ్లకి కూడా చెడ్డపేరు వస్తోంది. తారీకులతో సహా రాసి అంగన్‌వాడీల పై అధికారి సీడీపీవోకి ఇవ్వండి, నేనూ సంతకం పెడతాను. బరువుల కాలమ్ తీసేయకుండా మాత్రం ఆ మెసేజ్ ఇంకెవరికీ పంపకండి.