జనరేటర్ సాక్షిగా ఇంధన స్వాతంత్ర్యం

మా అపార్టుమెంటుకి గత ఆదివారం ఇంధన స్వాతంత్ర్యం వచ్చినంత పనైంది. కొద్దిలో తప్పిపోయింది.

మేం విజయవాడలో, మొగల్రాజపురం కొండ కింద ఉంటాం. రోహిణి కార్తెలో ఆ కొండ పగలంతా ఎండని మింగి, రాత్రి పదకొండింటికి తీరిగ్గా మా బెడ్రూముల్లోకి వదులుతుంది. ఆ వేళకి ఇరవై నాలుగు ఫ్లాట్లలో నలభై ఏసీలు తిరుగుతుంటాయి. కరెంటు పోతుంది. సెల్లార్లో జనరేటర్ దగ్గుతూ లేస్తుంది. దాని డీజిల్ బిల్లు నోటీసు బోర్డు మీద అంటించిన రోజున మా వాళ్లలో దేశభక్తి పొంగింది. "ఎక్కడో ఎడారిలో షేకు దయతలిస్తే ఇక్కడ మన లిఫ్టు కదలడమేంటండీ?" అన్నారు సెక్రటరీ గారు. వెంటనే సర్వసభ్య సమావేశం.

ఢిల్లీలో పెద్దలు ఏళ్ల తరబడి తేల్చలేకపోతున్న విషయాన్ని మేం గంటన్నరలో, మూడు పొట్లాల మిరపకాయ బజ్జీల ఖర్చుతో, తేల్చకుండా వదిలేశాం. విధాన నిర్ణేతలకి పనికొస్తుందని ఆ వివరాలు ఇక్కడ పొందుపరుస్తున్నాను.

సమావేశం మొదలైన ఐదు నిమిషాలకే రెండు పార్టీలు ఏర్పడ్డాయి. తవ్వకం పార్టీ, ఎండ పార్టీ. తవ్వకం పార్టీకి 302 బాబాయిగారు నాయకుడు. రిటైరయ్యాక ఆయన పేపరు మొదటి అక్షరం నుంచి చివరి టెండరు నోటీసు దాకా చదువుతారు. "కృష్ణా-గోదావరి బేసిన్! పేరులోనే మనం ఉన్నాం. కాళ్ల కింద గ్యాస్ పెట్టుకుని ఖతార్ నుంచి ఓడల్లో తెచ్చుకోవడానికి సిగ్గుండక్కర్లేదూ?" అని బల్ల గుద్దారు. మాట కాదనలేం. దేశం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటనుంచి వచ్చేదే.

అయితే పోయినేడు మా బోరుకి మూలపురుషుడు కూడా ఈయనే. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టే ఆయన్ని తెచ్చారు, కాయ లేచింది, లారీ వచ్చింది. రెండొందల అడుగుల దగ్గర రాయి. "ఇంకో ముప్పై అడుగులు" అన్నారు బాబాయిగారు. ఆ ముప్పై తర్వాత మరో ముప్పై. చివరికి తడి మట్టి పడింది. దాన్ని కాసేపు అందరం ఆప్యాయంగా చేత్తో తాకి చూశాం.

దేశం చేసింది కూడా దాదాపు ఇదే, కాకపోతే కొబ్బరికాయ బదులు కంప్యూటరు పెట్టారు. 2002లో ఆ కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లోనే డీ6 అనే బ్లాకులో రిలయన్స్ కంపెనీకి గ్యాస్ దొరికింది. 2009 ఏప్రిల్‌లో పైకి తీయడం మొదలైంది, మరుసటేడు రోజుకి 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వచ్చింది. ఇంకేం, పండగే అనుకుని గ్యాస్‌తో నడిచే కరెంటు ప్లాంట్లు కట్టేశారు, మన కొండపల్లిలో కూడా. నాలుగేళ్లు తిరిగేసరికి గ్యాస్ నాలుగో వంతుకి దిగింది. ప్లాంట్లు కట్టినవాళ్లు పొగ గొట్టాల వంక చూస్తూ కూర్చున్నారు. బావుల్లోకి నీళ్లూ ఇసుకా దూరాయి, భూగర్భం మా చేతిలో ఉంటుందా అంది కంపెనీ. తవ్వుతామన్నన్ని బావులు తవ్వలేదంది ప్రభుత్వం. మా బోరు దగ్గరా అక్షరాలా ఇదే గొడవ. రాయి అడ్డం పడిందని లారీవాడు, డబ్బు తినేశాడని మేము. తర్వాత ఆ బ్లాకులోనే లోతు నీళ్లలో కొత్త క్షేత్రాలు తెరిచి కంపెనీ మళ్లీ పుంజుకుంది. మా బోరుకి ఆ యోగం కూడా లేదు.

"మరి 2024 జనవరిలో ఓఎన్‌జీసీ కాకినాడ దగ్గర సముద్రంలో నూనె తీయలేదూ?" అన్నారు బాబాయిగారు. తీసింది, గొప్ప విషయమే. ఆ క్షేత్రం నిండుగా పారితే రోజుకి 45 వేల పీపాలు వస్తుందని అంచనా వేశారు. దేశం రోజుకి తాగేది 50 లక్షల పీపాల పైనే. ఫోన్లో లెక్క కట్టాను. రోజు మొత్తంలో పావుగంట ఖర్చుకి కూడా రాదు. పావుగంటంటే, ఫ్లైఓవర్ వచ్చాక కూడా, సాయంత్రం పూట మనవాళ్లు బెంజి సర్కిల్ దాటే సమయం.

ఇక్కడ 104 పిన్నిగారు మాట్లాడారు. ఆవిడ పుట్టిల్లు కోనసీమ. "1995లో పాశర్లపూడి బావి అంటుకుంటే 65 రోజులు మండింది బాబూ. 2014లో మా పక్క నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పేలి తెల్లారేసరికి ఇళ్లకి ఇళ్లే మాడిపోయాయి. గ్యాసు ఎటు పోతోందో మాకు తెలీదు. మంటొస్తే మాత్రం మా కొబ్బరి చెట్లకే." ఆవిడ మాట్లాడినంతసేపూ బజ్జీల పొట్లం మీదికి ఎవరి చెయ్యీ పోలేదు. తర్వాత సెక్రటరీ గారు గొంతు సవరించుకుని, ఇది ఎజెండాలో లేని అంశమని చెప్పారు.

ఎండ పార్టీకి 401 కుర్రాడు నాయకుడు. సాఫ్ట్‌వేరు. పర్యావరణమంటే ప్రాణం, డీజిల్ బండి అంటే ఇంకొంచెం ఎక్కువ ప్రాణం. అపార్టుమెంటు ఉమ్మడి అవసరాలకి సోలార్ పెట్టుకుంటే కేంద్రం కిలోవాటుకి 18 వేలు సబ్సిడీ ఇస్తుందని స్లైడు వేసి చూపించాడు. సబ్సిడీ అన్న మాట వినగానే తవ్వకం పార్టీలోంచి ఆరుగురు ఫిరాయించారు. ఆ కాసేపూ స్వాతంత్ర్యం మా డాబా మెట్ల దాకా వచ్చి నిలబడింది.

దాన్ని అడ్డగించింది వడియాలు. డాబా మీద సగం చోటు మే నెలంతా గుమ్మడి వడియాలది, అప్పడాలది, మెంతి పిండి పెట్టిన ఊరమిరపకాయలది. "సూర్యుణ్ణి మేం ఎప్పట్నుంచో వాడుతున్నాం. మధ్యలో ఈ పలకలేంటి?" అన్నారు మహిళా సభ్యులు. వాళ్లకి 203 మిర్చి వ్యాపారి మద్దతిచ్చారు. ఆయన గుంటూరు యార్డుకి రోజూ పెద్ద కారులో ఒక్కరే వెళ్లి ఒక్కరే వస్తారు. "మా వ్యాపారమంతా ఎండ మీదే కదండీ, కాయ కళ్లంలో ఎండితేనే టిక్కీ బస్తాలోకి ఎక్కుతుంది" అన్నారు. ఉచితంగా ఎండిన ఆ కాయే తర్వాత నెలల తరబడి కోల్డ్ స్టోరేజీలో బొగ్గు కరెంటుతో చల్లబడుతుందన్న సంగతి ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

వడియాలకి తూర్పు వైపు కేటాయించి ఎలాగో రాజీ చేశాం. అప్పుడు సెక్రటరీ గారు అడక్కూడని ప్రశ్న అడిగారు. "అయితే బాబూ, కరెంటు పోయినప్పుడు ఈ సోలార్ మీద లిఫ్టు నడుస్తుందిగా?"

నడవదు. లైన్లో కరెంటు పోతే సబ్సిడీ సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభం మీద రిపేరు చేస్తున్న లైన్‌మ్యాన్‌కి మన డాబా మీది కరెంటు తగలకూడదు కాబట్టి ఇన్వర్టరే ఆపేస్తుంది. కాదు కూడదంటే బ్యాటరీలు కొనాలి. నడినెత్తిన సూర్యుడు, డాబా నిండా పలకలు, లోపల చీకటి. దీని పేరు స్వాతంత్ర్యమా అని హాల్లో గగ్గోలు. పైగా ఆ పలకల్లో పొదిగే సెల్సుకి కావాల్సిన వేఫర్లు, అంటే పల్చటి సిలికాన్ బిళ్లలు, చాలావరకు చైనా నుంచే రావాలని ఎవరో అన్నారు. షేకు దగ్గర్నుంచి తప్పించుకుని ఇంకొకరి గుమ్మంలో తేలినట్టు.

"దేశంలో కరెంటు ప్లాంట్ల సామర్థ్యంలో 2025 జూన్ నాటికే సగం బొగ్గూ గ్యాసూ కానిది, తెలుసా?" అని 401 ఆవేశపడ్డాడు. నిజమే. కానీ మనింటికొచ్చే కరెంటులో ఇప్పటికీ నూటికి 70 పాళ్ల దాకా బొగ్గుదే. మా అబ్బాయికి లెక్కల్లో సామర్థ్యం ఉందని మాస్టారు ఏటా చెబుతూనే ఉంటారు. మార్కుల సంగతి వేరు. పొద్దుగూకి ఏడయిందంటే మా నలభై ఏసీలకీ ఇబ్రహీంపట్నం బొగ్గు ప్లాంటు పొగ గొట్టాలే దిక్కు.

అసలు ఈ రెండు పార్టీలూ ఒకదాని దారికి ఒకటి అడ్డం రావనే సంగతి ఎవరికీ తట్టలేదు. మా సెల్లార్లో లాంటి జనరేటర్లని పక్కన పెడితే, ఈ దేశంలో చమురు మండించి చేసే కరెంటు దాదాపు లేదు. చమురు ఎక్కువగా పోయేది బళ్లలోకి. డాబా మీద ఎన్ని పలకలు పరిచినా 203 గారి కారు చక్రం అంగుళం కదలదు, ఆ కారు బ్యాటరీ కారైతే తప్ప. నేను ధైర్యం చేసి మూడో ప్రతిపాదన పెట్టాను. ఏసీ పద్దెనిమిది మీద కాకుండా ఇరవై ఆరు మీద పెడదాం, గుంటూరుకి పది నిమిషాలకో బస్సుంది, ఇరవై నాలుగు ఫ్లాట్లకి ముప్పై ఒక్క కార్లు కాస్త ఎక్కువేమో ఆలోచిద్దాం అన్నాను.

హాలు చల్లబడింది. "ఈయనది ఏ పార్టీ అండీ?" అని వెనక వరసలోంచి ఎవరో అడిగారు.

చివరికి సెక్రటరీ గారు తీర్మానం చదివారు: "తవ్వకానికీ ఎండకీ మధ్య సమతుల్యం పాటించాలని ఏకగ్రీవంగా నిర్ణయించడమైనది." సమతుల్యం అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. ఈ నెల బోరూ వెయ్యం, సోలారూ పెట్టం అని అందరికీ అర్థమైంది. చప్పట్లు మోగుతుండగా కరెంటు పోయింది. జనరేటర్ రెండుసార్లు దగ్గి, మూడోసారి లేవలేదు.

వాచ్‌మన్ సైకిలుకి చెరోవైపు ఖాళీ క్యాన్లు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "ఎన్ని లీటర్లు తెమ్మంటారు సార్?"

"నలభై" అన్నారు సెక్రటరీ గారు. ట్రెజరర్ సెల్‌ఫోన్ లైటు వెలుగులో పద్దు పుస్తకం తెరిచి, ఇది ఏ ఖాతా కింద రాయమంటారని అడిగారు. 302 బాబాయిగారు కాసేపు ఆలోచించారు. "పునరుత్పాదక ఇంధనం కింద రాయండి. వారం వారం మళ్లీ మళ్లీ పుట్టుకొస్తున్న ఖర్చు మనకి అదొక్కటేగా."